అటక మీది ఫాంటమ్ ఎవరి సొత్తు?

ఇంట్లో ఏది దాచాలి, ఏది పాత పేపర్లవాడికి వెయ్యాలి అన్న తీర్పు మన ఇళ్లల్లో ఆడవాళ్లదే. ఉగాదికో దసరాకో ఇల్లు దులిపేటప్పుడు మొదట బయటికి పోయేవి బొమ్మల పుస్తకాలు. "చిన్నప్పటివి కదా, ఇంకా ఎందుకు?" అంటాం. ఇప్పుడు అవే పుస్తకాల కోసం యాభై దాటిన మగవాళ్లు ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నారు. దొరక్కపోతే "మా అమ్మ అమ్మేసింది" అని నిట్టూరుస్తారు. అమ్మ అమ్మేసిన మాట నిజమే కావచ్చు. మరి అమ్మ చదువుకున్న పుస్తకాలేమయ్యాయి? ఆ సంగతి ఎవరూ అడగరు. నా ఫిర్యాదల్లా అదే.

ఈ నిట్టూర్పు మన దగ్గరే కాదు, అమెరికాలోనూ ఉంది. అక్కడ సూపర్‌మ్యాన్ 1938లో, బ్యాట్‌మ్యాన్ 1939లో పుట్టారు. అప్పట్లో పుస్తకం పది సెంట్లు. రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితాలు పోగుచేసినప్పుడు బోలెడు పోయాయి. తర్వాత ఇవి పిల్లల్ని పాడుచేస్తున్నాయని గొడవ లేచింది. 1940ల చివర కొన్ని ఊళ్లలో కుప్పలు పోసి తగలబెట్టారు. 1954లో సెనేట్ విచారణ కూడా జరిగింది. మిగిలినవి ఇళ్లు సర్దేటప్పుడు పోయాయి. అందుకే బతికి బయటపడ్డ నాలుగింటికీ అంత ధర. 1939 నాటి సూపర్‌మ్యాన్ మొదటి సంచిక ఒకటి 2025 నవంబరు వేలంలో 91 లక్షల డాలర్లకి, అంటే సుమారు 80 కోట్ల రూపాయలకి పోయింది. అది దొరికిందెక్కడో తెలుసా? కాలిఫోర్నియాలో కన్నుమూసిన ఒక తల్లి ఇంటి అటక మీద, అట్టపెట్టెలో, పాత పేపర్ల కింద. చిన్నప్పుడు ఆమె తన తోబుట్టువుతో కలిసి కొనుక్కున్న పుస్తకం అది. పారేసిన తల్లుల గురించి అందరూ చెబుతారు. దాచిన ఈ తల్లి గురించి మనం చెప్పుకుందాం.

ఇక మన వైపుకొస్తే, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరు రైలు దారి మీదివే. బెంగళూరు వెళ్లినవాళ్లు అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల అంగళ్లు తిరక్కుండా వచ్చేవాళ్లు కారు. గుర్రాలూ తుపాకులూ ఉన్న కౌబాయ్ పుస్తకాలైనా, ముసుగు వీరులవైనా మా ఇళ్లకి ఎక్కువగా ఆ దారినే వచ్చేవి. టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964 మార్చిలో మొదలుపెట్టిన ఇంద్రజాల్ కామిక్స్ 1990లో ఆగేనాటికి 800 సంచికలు దాటాయి. ఫాంటమ్, మాండ్రేక్, ఫ్లాష్ గోర్డన్ వాటిలోనే మన దేశమంతా తిరిగారు. ఫాంటమ్ ఉండే బెంగల్లా దేశం పేరు మన బెంగాల్‌లా వినబడుతుందని ఇక్కడ డెంకాలి అని మార్చారు. 1976లో బందిపోట్లతో తలపడే మన బహదూర్ వచ్చాడు. ఇక కౌబాయ్ అంటే, 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చాక తెలుగువాళ్లకి హీరో కృష్ణే.

ఈ పుస్తకాలు మగపిల్లలవని ఎవరు రాసిచ్చారు? అన్న చదివి పడేశాక చెల్లెలు చదివేది. వంటింట్లో పిలుపొస్తే దిండు కింద దాచేది. ఫాంటమ్‌ని పెళ్లాడిన డయానా ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం చేసే మనిషి. వండర్ ఉమన్ 1941లోనే వచ్చింది. "ఆడపిల్లవి, నీకెందుకివి?" అనిపించుకున్న పిల్లకి ఆ బొమ్మలు ఎంత ధైర్యమో ఆ పిల్లకే తెలుసు.

హిందూపురం పిల్లకి ధర్మవరం సంబంధం కుదిరిందనుకోండి. పట్టుచీరలు వెళ్తాయి, స్టీలు సామాను వెళ్తుంది, బీరువా వెళ్తుంది. ఆ పిల్ల పుస్తకాలు మాత్రం వెళ్లవు. అన్నదమ్ముల పుస్తకాలు పుట్టింట్లోనే ఉంటాయి, ఎందుకంటే వాళ్లు అక్కడే ఉంటారు. ఆడపిల్లవి ఏడాది తిరక్కుండా తూకానికి పోతాయి. అలాంటప్పుడు ఇరవై ఏళ్ల తర్వాత ఆడవాళ్లలో సేకరించేవాళ్లు లేరే అంటే ఎలా ఉంటారు? ఉన్న చోట కూడా చూడండి. సేకరణ ఆయనది, దుమ్ము దులపడం ఆవిడది. స్నేహితులొస్తే పేజీలు తిప్పి చూపించేది ఆయన, టీ పెట్టేది ఆవిడ.

"స్థలమెక్కడుందమ్మా?" అంటారు. ఒక ట్రంకు పెట్టె చాలు. "పిల్లల చెత్త" అంటారు. హిందూపురం పక్కనే లేపాక్షి గుడి పైకప్పు మీద కథని వరసగా బొమ్మల్లో చెప్పారు. నిమ్మలకుంట తోలుబొమ్మలూ బొమ్మల కథలే. వాటిని చెత్త అనం కదా! "పాత భావాలున్నాయి" అంటే అది మాత్రం ఒప్పుకోవాల్సిందే. నల్లవాళ్ల అడవిలో తెల్లదొర న్యాయం చెప్పడమేమిటి, కౌబాయ్ కథల్లో రెడ్ ఇండియన్లు ఎప్పుడూ దుర్మార్గులేనా అని పిల్లలతో మాట్లాడండి. పారేస్తే ఆ మాటా రాదు. ఇక కోట్లొస్తాయన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. లక్షల్లో అమ్ముడైన పుస్తకాల్లో మిగిలినవి గుప్పెడైతేనే ఆ ధర.

దాచడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ధర్మవరం పట్టుచీరని మెత్తటి నూలుగుడ్డలో చుట్టి, జరీ విరక్కుండా అప్పుడప్పుడూ మడత మార్చి పెట్టే చేతులు మనవి. చవక కాగితం ఎండకి పసుపెక్కి పెళుసు బారుతుంది, కాబట్టి ఎండ తగలనివ్వకండి. చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి, జిగురు కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలొద్దు. పడుకోబెట్టి పేర్చండి. ఏడాదికి రెండుసార్లు తీసి పురుగు చూడండి. గాలిలో తేమ తక్కువైన కరువు సీమ మనది. ఈ ఒక్క విషయంలో అది మనకి కలిసొచ్చినట్టే.

ఇంటికి పెద్దవాళ్లైన అమ్మలకీ అత్తలకీ నేను చెప్పేది ఒక్కటే. ఈసారి ఇల్లు దులిపేటప్పుడు తక్కెడ మీదికి ఎక్కించే ముందు "ఇవి ఎవరివి?" అని అడగండి. కూతురివైతే కూతుర్ని పిలవండి. పెళ్లికి సర్దే సామానులో ఆ పెట్టెనీ చేర్చండి. కోడలు అలాంటి పెట్టెతో వస్తే "ఇదేం చోద్యం" అనకుండా బీరువా పక్కన జాగా చూపించండి. చీరలకి చోటిచ్చిన ఇల్లు ఒక చిన్న పెట్టెకి ఇవ్వలేదా?