ఫోనుంది సరే, గదేదీ?

2021 మొదట్లో యునిసెఫ్, గాలప్ కలిసి 21 దేశాల్లో సర్వే చేశాయి. మనసు బాగాలేనప్పుడు నలుగురితో చెప్పుకుని సాయం తీసుకోవడం మంచిదేనా అని 15-24 ఏళ్ల పిల్లల్ని అడిగితే, మనదేశంలో అవునన్నది నూటికి 41 మందే. మొత్తం దేశాల సగటు 83! ‘పిచ్చి డాక్టరు’ దగ్గరికెళ్తే సంబంధాలు రావని నూరిపోసింది మనమే కదండీ.

కరోనాలో దారే లేదనడానికీ లేదు. ఫోన్లోనే వైద్యం చెప్పొచ్చని 2020 మార్చిలో డాక్టర్లకి నిబంధనలొచ్చాయి. సెప్టెంబర్లో ‘కిరణ్’ హెల్ప్‌లైన్ పెట్టారు. బాగానే ఉంది. కానీ రెండు గదుల ఇల్లు, ముందుగదిలో నాన్న, మంచమ్మీద నాయనమ్మ, వంటింట్లో అమ్మ. ఆ పిల్ల ఎక్కడ కూర్చుని ఏడవాలి? మగపిల్లాడైతే డాబా మీదకి పోతాడు. ఆడపిల్ల అరగంట గుసగుసలాడితే ‘ఎవడే వాడు?’ అంటాం. పైగా చాలా ఇళ్లలో ఆ ఒక్క ఫోనూ ఆన్‌లైన్ క్లాసులకి పిల్లలంతా పంచుకున్నదే. సాయం ఇంట్లోకి వచ్చింది, మాట్లాడే చోటు మాత్రం ఇంట్లో లేకపోయింది.

2022 అక్టోబర్ 10న టెలిమానస్ వచ్చింది. 14416కి రాత్రీపగలూ ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. నంబరు మా గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టాను. పక్కింటావిడ చూసి, గొంతు తగ్గించి అడిగారు, ‘మీ ఇంట్లో ఎవరికండీ?’ అని.