పండుగ ఒక్క రోజు, వడ్డీ పది నెలలు

డిసెంబరు వచ్చిందంటే మన సంఘాల్లో సందడి మొదలవుతుంది. ఇబ్రహీంపట్నం, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఏ దారిన వెళ్లినా విశ్వాసుల ఇళ్ల మీద స్టార్లు వెలుగుతున్నాయి. క్యారల్స్ బృందాలు రాత్రి పొద్దుపోయేదాకా ఇల్లిల్లూ తిరుగుతున్నాయి. సెమీ క్రిస్మస్ కూడికలు జరుగుతున్నాయి. ఈ సంతోషం దేవుడిచ్చిందే. దాన్ని తగ్గించుకొమ్మని చెప్పడానికి మేము ఈ మాటలు రాయడం లేదు. అయితే అదే స్టారు కింద కూర్చొని ఎందరో తల్లిదండ్రులు ఒక లెక్క వేసుకుంటున్నారు. ఈ పండుగకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలి, తెచ్చింది ఎప్పటికి తీర్చాలి అన్న లెక్క అది. ఆ లెక్క ఒక్కో ఇంటిదే కాదు, సంఘమంతటిదీ అని మేము అనుకుంటున్నాం.

మన ప్రాంతంలో డబ్బు చేతికి వచ్చే కాలం వేరు, పండుగ వచ్చే కాలం వేరు. వానాకాలం వడ్లు అమ్మిన డబ్బులు నవంబరు, డిసెంబరుల్లో వస్తాయి. కానీ అవి ఎరువుల దుకాణం బాకీకి, కోత మిషను కిరాయికి, యాసంగి నాట్లకు ముందే రాసిపెట్టి ఉంటాయి. పసుపు తవ్వేది సంక్రాంతి తర్వాత. ఉడకబెట్టి, ఎండబెట్టి, మెట్‌పల్లి మార్కెట్‌కో నిజామాబాద్ మార్కెట్‌కో తీసుకుపోయేసరికి ఫిబ్రవరి, మార్చి అవుతుంది. బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లకు వచ్చేది చేసిన పనికి తగ్గ కూలే, పండుగ నెల కదా అని అది పెరగదు. సిరిసిల్లలో ఆర్డరు ఉంటేనే మరమగ్గం ఆడుతుంది. మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి తాళం పడింది 2015 డిసెంబరులోనే. ఆ ఏడు క్రిస్మస్ ఎలా గడిచిందో అక్కడి కార్మికుల కుటుంబాలకు తెలుసు.

ఇక గల్ఫ్. మన పల్లెల్లో గల్ఫ్ జీతం మీద నడిచే ఇళ్లు చాలా ఉన్నాయి. దుబాయ్‌లోనో సౌదీలోనో డిసెంబరు 25 సెలవు రోజు కాదు, పనిదినమే. అక్కడున్న తమ్ముడు ఆ రోజు కూడా డ్యూటీకి వెళ్తాడు. ఇంటి దగ్గర పిల్లలు చిన్నబోకూడదని తోటి కార్మికుల దగ్గర చేబదులు తీసుకొని పండుగ డబ్బు పంపేవాళ్లు ఉన్నారు. వీసా కోసం చేసిన అప్పు ఇంకా తీరకముందే ఇది మరో అప్పు. ఇక్కడ మనం కొనే ప్రతి కొత్త చీర వెనుక అక్కడ ఒకరి ఓవర్‌టైమ్ ఉండవచ్చు. ఎంత అవసరమో అంతే పంపమని ఇంటివాళ్లే ముందుగా చెబితే అతని భుజం మీద బరువు కొంత తగ్గుతుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఐదుగురున్న ఇల్లు. క్రిస్మస్ బట్టలకు 8,000, వంటలకు, మాంసానికి 3,000, సంఘ చందాకు, కానుకలకు 2,000, కేకుకు, పిల్లల బహుమతులకు 2,000 అనుకుందాం. మొత్తం 15,000 రూపాయలు. అంతటితో అయిపోదు. 31వ తేదీ రాత్రి ఆరాధనకు, కొత్త సంవత్సరానికి మళ్లీ బట్టలు, మళ్లీ వంటలు, ఇంకో 5,000. ఈ 20,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 600. పది నెలలకు 6,000 రూపాయలు. ఇది వడ్డీ మాత్రమే, అసలు అట్లాగే ఉంటుంది. అదే కుటుంబం జనవరి నుంచి నెలకు 500 పక్కన పెడితే ఏడాదికి అదే 6,000 చేతిలో ఉంటుంది. వడ్డీ కట్టగలిగిన ఇల్లు ఆ మేరకు దాచనూ గలదు. తేడా అంతా ముందు దాచడంలోనూ తర్వాత కట్టడంలోనూ ఉంది.

నూటికి మూడు అంటే ఏడాదికి నూటికి ముప్పై ఆరు అని మనం మరిచిపోతుంటాం. ఫోనులో ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌లు ఇంకా ప్రమాదకరం. 2020 డిసెంబరులో, సరిగ్గా పండుగ రోజుల్లోనే, ఆ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక మన రాష్ట్రంలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. మైక్రోఫైనాన్స్ అప్పుల విషయంలో రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి ఒక నియమం అమలు చేస్తోంది. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబం నెలనెలా కట్టే వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఈ రెండు మాటలు మహిళా కూడికలో ఒకసారి చెబితే ఎందరికో ఉపయోగం.

కొంత ఊరట కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. కేకులు, బిస్కెట్ల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పన్ను కలపకముందు 500 రూపాయలున్న కేకు మీద ఇదివరకు 90 రూపాయల పన్ను పడేది, ఇప్పుడు 25 పడుతుంది. బట్టల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఒక్కొక్కటి 2,500 వరకు ఉంటే 5 శాతమే. ఆ ధర దాటితే ఇదివరకు 12 శాతం ఉన్నది ఇప్పుడు 18 శాతం అయింది. 3,000 రూపాయల డ్రెస్ ఇప్పుడు భారమే. అయితే పన్ను తగ్గిందని రెండో కేకు కొంటే మిగిలింది ఏమీ ఉండదు.

దాచుకోవడంలోనూ మోసపోయే దారులున్నాయి. నెలకు ఇంత కడితే డ్రాలో బండి వస్తుందనీ, పండుగకు సామాన్లు ఇస్తామనీ చెప్పే లక్కీ డ్రా స్కీములు మన పట్టణాల్లో కొత్త కాదు. ఇలాంటి ప్రైజ్ చిట్‌లను 1978లోనే చట్టం నిషేధించింది. మామూలు చిట్టీ అయినా 1982 చట్టం ప్రకారం రిజిస్టరై ఉండాలి. ఇంగ్లండులో ఫేర్‌ప్యాక్ అనే కంపెనీ పేద కుటుంబాల దగ్గర ఏడాది పొడవునా క్రిస్మస్ కోసం డబ్బు కట్టించుకొని, 2006 అక్టోబరులో దివాలా తీసింది. లక్షకు పైగా కుటుంబాలు పండుగకు రెండు నెలల ముందు ఖాళీ చేతులతో మిగిలాయి. తెలిసినవాడే కదా, మన సంఘస్థుడే కదా అని రసీదు లేకుండా డబ్బు ఇవ్వవద్దు. బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్, లేదా మన పొదుపు సంఘం పుస్తకం చాలు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. పేదవాళ్లు పండుగకు ఎక్కువ ఖర్చు పెడుతున్నారని బోధించడం తేలిక. కానీ మన తాతముత్తాతల్లో చాలామందికి మంచి బట్ట కట్టుకొని ఊరి నడిమి బజారులో నడిచే స్వేచ్ఛే లేదు. వాళ్లకు క్రిస్మస్ నాటి కొత్త బట్ట ఆడంబరం కాదు, తామూ మనుషులమేనని చాటుకున్న గుర్తు. ఏడాదంతా ఒంటి మీద పాత చీరతో గడిపిన తల్లి ఆ ఒక్క రోజు కొత్తది కట్టుకుంటే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి పొదుపు మాట ముందు చెప్పుకోవాల్సింది సంఘమే, ఉన్నవాళ్లే.

ఎందుకంటే ఇంటి ఖర్చుకు కొలత సంఘంలోనే తయారవుతుంది. స్త్రీల సమాజం అంతా ఒకే రంగు చీర కట్టాలని తీర్మానిస్తాం. ఆ చీర కొనలేని సోదరి అప్పైనా చేస్తుంది, లేదంటే ఆ ఆదివారం రాదు. యవ్వనస్తులు క్రిస్మస్ ఫ్రెండ్ చీటీలు తీస్తారు. ఒకరు వెయ్యి రూపాయల బహుమతి ఇస్తే, వంద రూపాయలది తెచ్చిన పిల్లవాడు దాన్ని వెనుక దాచుకుంటాడు. చందా ఇచ్చినవారి పేర్లూ మొత్తాలూ మైకులో చదువుతాం. పేరు లేనివాడు తల వంచుకుంటాడు. వేదిక, ఫ్లెక్సీలు, సౌండు, లైట్లు పక్క సంఘం కన్నా మిన్నగా ఉండాలని పోటీ పడతాం. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. గెలిచినవారో ఓడినవారో షామియానాకు, భోజనాలకు డబ్బు ఇస్తామంటే, ఆ ప్రేమ విందు ఎవరి పేరున జరుగుతుందో పెద్దలు ఆలోచించుకోవాలి. ప్రభుత్వం క్రిస్మస్ కానుకల ప్యాకెట్లు ఇస్తే, అవి కూడా నిజంగా అవసరమున్న ఇళ్లకే చేరేలా చూడాల్సింది మనమే.

మన ముందు ఒక గొప్ప మాదిరి ఉంది. మెదక్ మహాదేవాలయం గొప్పగానే కట్టారు. కానీ అది కరువు రోజుల్లో కట్టింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు ఆకలితో ఉన్నవాళ్లకు పని కల్పించి, తిండి పెట్టి, ఆ పనితోనే గుడి లేపించారు. 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు. 2024 డిసెంబరుకు నూరేళ్లు నిండాయి. ఖర్చు పెట్టడం తప్పు కాదు, అది ఎవరి కడుపుకు చేరిందన్నదే ప్రశ్న అని ఆ గుడి ఇప్పటికీ మనకు చెబుతోంది.

ఈ ఏడాదికి మిగిలిన రోజుల్లోనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఒకే రంగు చీర నియమం ఎత్తేయండి. క్రిస్మస్ ఫ్రెండ్ బహుమతికి వంద రూపాయల హద్దు పెట్టండి. కానుకలు కవరులోనే తీసుకోండి, పేర్లు చదవవద్దు. లైట్లకు అనుకున్న దాంట్లో కొంత తీసి విధవరాండ్ర ఇళ్లకు బియ్యం, నూనె, పప్పు పంపండి. వచ్చే ఏడాదికి జనవరి మొదటి వారంలోనే ఇంటింటికీ పొదుపు మొదలుపెట్టించండి. బట్టలు పది కుటుంబాలు కలిసి సిరిసిల్ల నేతన్నల దగ్గరే టోకున కొంటే ధరా తగ్గుతుంది, మన పక్క ఊరి మగ్గానికి పనీ దొరుకుతుంది. పండుగ ఖర్చు లెక్క సంఘం ముందు చదవండి.

శిశువైన యేసును ఆలయానికి తీసుకువెళ్లినప్పుడు మరియమ్మ, యోసేపులు అర్పించింది పేదల అర్పణేనని లూకా సువార్త రెండో అధ్యాయం చూపిస్తుంది. గొర్రెపిల్లను ఇచ్చుకోలేనివారికి ధర్మశాస్త్రం అనుమతించిన పక్షుల జతను వారు సమర్పించారు. దానికి వారు సిగ్గుపడలేదు, దేవుడూ దాన్ని తక్కువ చేయలేదు.

25న ఆరాధనలో చుట్టూ ఒకసారి చూడండి. ప్రతి ఆదివారం వచ్చేవాళ్లలో ఆ రోజు ఎవరు రాలేదో గమనించండి. కొత్త బట్టలు లేకనే ఆగిపోయి ఉండవచ్చు. మీరు భోజనానికి కూర్చునే ముందే వాళ్ల ఇంటికి వెళ్లి, వాళ్లను వెంటబెట్టుకొని రండి.