దిల్లీలో రాష్ట్రాల గొంతు: సంస్థల బలమా, సీట్ల లెక్కా?

విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో ప్రభుత్వ వాటాను నూరు శాతం ఉపసంహరించుకునేందుకు ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీ 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. దాన్ని వ్యతిరేకిస్తూ అదే ఏడాది మే నెలలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం తన నిర్ణయాన్ని మార్చుకోలేదు. 2025 జనవరిలో మాత్రం అదే కర్మాగారానికి రూ.11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది.

ఈ రెండు తేదీల మధ్య ఈ విషయానికి సంబంధించిన రాజ్యాంగ నిబంధనలేవీ మారలేదు. కర్మాగారం విషయంలో రాష్ట్రానికి కొత్త అధికారమేదీ రాలేదు. మారింది లోక్‌సభలో సీట్ల లెక్క. 2024 ఎన్నికల్లో బీజేపీ 240 స్థానాల వద్ద ఆగిపోయింది. 16 మంది ఎంపీలున్న తెలుగుదేశం పార్టీ మద్దతు కేంద్ర ప్రభుత్వానికి కీలకమైంది. ప్యాకేజీకి ఇదొక్కటే కారణమని చెప్పలేం. అయితే, శాసనసభ తీర్మానానికి దక్కని ప్రాధాన్యం సంకీర్ణ రాజకీయాల్లో దక్కిందన్న భావన బలపడటానికి ఈ క్రమం చాలు.

కేంద్రం తీసుకునే నిర్ణయాల్లో ఒక రాష్ట్ర ప్రయోజనాలకు చోటు ఎలా దొరుకుతుంది? అందుకోసం ఏర్పడిన సంస్థల ద్వారానా, లేక అప్పటికప్పుడు కలిసొచ్చే సంఖ్యాబలం ద్వారానా? గత పదేళ్లకు పైగా రెండు తెలుగు రాష్ట్రాల అనుభవం రెండో దానివైపే వేలు చూపిస్తోంది.

అభిప్రాయం వేరు, అంగీకారం వేరు

రాజ్యాంగంలోని 3వ అధికరణం ప్రకారం ఒక రాష్ట్రాన్ని విభజించే లేదా దాని సరిహద్దులను మార్చే అధికారం పార్లమెంటుది. బిల్లును ముందుగా ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోసం పంపాలి. ఆ అభిప్రాయానికి కట్టుబడాల్సిన అవసరం మాత్రం పార్లమెంటుకు లేదు.

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరిస్తూ ఉమ్మడి రాష్ట్ర శాసనసభ 2014 జనవరి 30న మూజువాణి ఓటుతో తీర్మానం చేసింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించాయి. కొత్త ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్లపాటు ప్రత్యేక హోదా కల్పిస్తామని నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ అదే రోజు రాజ్యసభలో హామీ ఇచ్చారు. ఆ హామీకి చట్టంలో చోటు దక్కలేదు. 2016 సెప్టెంబరులో హోదాకు బదులుగా ప్రత్యేక సాయాన్ని కేంద్రం ప్రకటించింది. 2018 మార్చిలో తెలుగుదేశం ఎన్డీయే నుంచి వైదొలగింది. ఆ ఏడాది జులైలో అవిశ్వాస తీర్మానం 126కు 325 ఓట్ల తేడాతో వీగిపోయింది. అప్పట్లో బీజేపీకి సొంతంగానే మెజారిటీ ఉంది.

ఇదే చరిత్ర తెలంగాణ వైపు నుంచి చూస్తే మరోలా కనిపిస్తుంది. రాష్ట్ర శాసనసభ అంగీకారం తప్పనిసరి అయి ఉంటే, ఉమ్మడి సభలో మైనారిటీగా ఉన్న తెలంగాణ ప్రాంతానికి ప్రత్యేక రాష్ట్రం సాధ్యమయ్యేది కాదు. ఒక రాష్ట్రంలోని మెజారిటీ అభీష్టం నుంచి మరో ప్రాంతపు ఆకాంక్షను కాపాడేందుకు కేంద్రానికున్న ఈ అధికారం పనికొచ్చింది. అయితే ఆ అధికారపు రెండో అంచు ఎలా ఉంటుందో తెలంగాణకు ఆవిర్భావానికి ముందే తెలిసివచ్చింది. పోలవరం ముంపు పేరిట ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ చేస్తూ 2014 మే 29న ఆర్డినెన్స్ వెలువడింది. తెలంగాణ తొలి ప్రభుత్వం బాధ్యతలు చేపట్టింది ఆ తర్వాత నాలుగు రోజులకు, జూన్ 2న.

పేరుకు రాష్ట్రాల సభ

రాష్ట్రాల తరఫున మాట్లాడాల్సిన సభ రాజ్యసభ. అందులో సీట్లను ప్రధానంగా జనాభా ప్రాతిపదికనే కేటాయించారు. ఉత్తరప్రదేశ్‌కు 31 స్థానాలుంటే ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7, సిక్కింకు ఒకటి ఉన్నాయి. అమెరికా సెనేట్‌లో మాదిరిగా చిన్నా పెద్దా తేడా లేని సమాన ప్రాతినిధ్యం ఇక్కడ లేదు.

అభ్యర్థి తాను ప్రాతినిధ్యం వహించే రాష్ట్రంలోనే ఓటరై ఉండాలన్న నిబంధనను 2003లో తొలగించారు. ఆ సవరణను 2006లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2014లో ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు ఎన్నికైన నిర్మలా సీతారామన్ 2016లో కర్ణాటక నుంచి ఎన్నికయ్యారు. అదే ఏడాది సురేశ్ ప్రభు ఆంధ్రప్రదేశ్ నుంచి సభలో అడుగుపెట్టారు. ఇది పూర్తిగా చట్టబద్ధమే, దాదాపు అన్ని పార్టీలూ పాటిస్తున్న పద్ధతే. కానీ సభ్యుడి విధేయత రాష్ట్రానికా, టికెట్ ఇచ్చిన పార్టీకా అన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

సమావేశం కాని మండలి

కేంద్ర, రాష్ట్రాల మధ్య సంప్రదింపుల కోసం 263వ అధికరణం కింద అంతర్రాష్ట్ర మండలి ఏర్పాటుకు వీలుంది. సర్కారియా కమిషన్ సిఫారసు మేరకు 1990లో అది ఏర్పాటైంది. ప్రధాని అధ్యక్షత వహించే ఆ మండలిలో ముఖ్యమంత్రులందరూ సభ్యులు. ఏడాదికి కనీసం మూడుసార్లు సమావేశం కావాలన్నది దాని నియమం. పదో సమావేశం 2006లో జరిగితే పదకొండోది 2016 జులై 16న జరిగింది. ఆ తర్వాత మళ్లీ ఏళ్ల తరబడి మౌనమే.

2015లో ప్రణాళికా సంఘం స్థానంలో వచ్చిన నీతి ఆయోగ్ పాలక మండలిలోనూ ముఖ్యమంత్రులకు చోటుంది. కానీ అది సలహాలకే పరిమితమైన వేదిక. 2024 జులై నాటి కేంద్ర బడ్జెట్‌లో తమకు అన్యాయం జరిగిందంటూ తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నీతి ఆయోగ్ సమావేశాన్ని బహిష్కరించారు. అమరావతి నిర్మాణానికి రూ.15,000 కోట్లు సమకూరుస్తామని ప్రకటించినది కూడా ఆ బడ్జెట్లోనే.

డబ్బు దగ్గర ఎవరి మాట చెల్లుతుంది?

రాష్ట్రాలకు నిజంగా ఓటు హక్కు ఉన్న వేదిక జీఎస్టీ మండలి. అక్కడ కేంద్రం ఓటు విలువ మూడింట ఒక వంతు, రాష్ట్రాలన్నింటిదీ కలిపి మూడింట రెండు వంతులు. ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడు వంతుల మెజారిటీ కావాలి. అంటే రాష్ట్రాలన్నీ ఏకమైనా కేంద్రం కాదంటే నిర్ణయం జరగదు. కేంద్రానికి కూడా అధిక సంఖ్యలో రాష్ట్రాల మద్దతు లేనిదే అడుగు ముందుకు పడదు. అందుకే అక్కడ చాలావరకు ఏకాభిప్రాయంతోనే పని నడిచింది. మండలి సిఫారసులకు కేంద్రం, రాష్ట్రాలు కట్టుబడాల్సిన అవసరం లేదని 2022 మే 19న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

పన్నుల వాటాను తేల్చే ఆర్థిక సంఘం సంగతి వేరు. సభ్యుల నియామకంలో గానీ, పరిశీలనాంశాల నిర్ణయంలో గానీ రాష్ట్రాలకు ఓటు లేదు. 14వ ఆర్థిక సంఘం రాష్ట్రాల వాటాను 42 శాతంగా నిర్ణయిస్తే 15వది 41 శాతం చేసింది. ఆ మొత్తంలో ఆంధ్రప్రదేశ్ భాగం 4.305 నుంచి 4.047 శాతానికి, తెలంగాణ భాగం 2.437 నుంచి 2.102 శాతానికి తగ్గింది. సెస్సులు, సర్‌ఛార్జీల రూపంలో వచ్చే ఆదాయాన్ని కేంద్రం రాష్ట్రాలతో పంచుకోనవసరం లేదు.

ఇతర దేశాల్లో ఎలా?

ఈ చిక్కు భారత్‌కే పరిమితం కాదు. స్కాట్లాండ్‌కు బదలాయించిన అంశాలపై అక్కడి పార్లమెంటు సమ్మతి లేకుండా బ్రిటన్ పార్లమెంటు సాధారణంగా చట్టాలు చేయదన్నది ఒక సంప్రదాయం. 2016లో దాన్ని చట్టంలోనూ చేర్చారు. కానీ అది రాజకీయ సంప్రదాయమే తప్ప కోర్టులు అమలు చేయదగిన నియమం కాదని 2017 జనవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. స్కాట్లాండ్ పార్లమెంటు సమ్మతి నిరాకరించినా బ్రెగ్జిట్ చట్టాలు ఆమోదం పొందాయి.

జర్మనీ మరో దారి ఎంచుకుంది. అక్కడి ఎగువ సభ బుందెస్రాట్‌లో రాష్ట్ర ప్రభుత్వాల ప్రతినిధులే కూర్చుంటారు. ఒక్కో రాష్ట్రానికి మూడు నుంచి ఆరు ఓట్లుంటాయి. రాష్ట్రాల అధికారాలను తాకే అనేక చట్టాలకు ఆ సభ సమ్మతి తప్పనిసరి. దానివల్ల నిర్ణయాలు ఆలస్యమవుతాయన్న విమర్శ ఉన్నా, రాష్ట్రం మాట వినిపించాలంటే కేంద్రంలో సంకీర్ణ ప్రభుత్వం వచ్చేదాకా ఎదురుచూడాల్సిన అవసరం అక్కడ లేదు.

పునర్విభజన భయం ఎందుకింత తీవ్రం?

లోక్‌సభ నియోజకవర్గాల పునర్విభజనపై దక్షిణాది రాష్ట్రాల ఆందోళనను ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి. రాష్ట్రాల వారీ సీట్ల సంఖ్య 1971 జనగణన ఆధారంగా స్థిరపడింది. 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా దాన్ని మార్చకూడదని 2001లో 84వ సవరణ నిర్దేశించింది. తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. 543 స్థానాల్లో పుదుచ్చేరితో కలిపి దక్షిణాదికి 130 ఉన్నాయి. జనాభా ఒక్కటే కొలమానమైతే ఆ వాటా తగ్గుతుంది.

దక్షిణాది ఒక్క సీటు కూడా కోల్పోదని కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2025 ఫిబ్రవరిలో కోయంబత్తూరులో చెప్పారు. మార్చి 22న చెన్నైలో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ నిర్వహించిన సమావేశానికి తెలంగాణ ముఖ్యమంత్రి హాజరయ్యారు. అటు ఉత్తరాది ఓటరు వాదనా తోసిపుచ్చదగినది కాదు. ఒకరి ఓటుకు ఒకే విలువ ఉండాలన్నది ప్రజాస్వామ్యపు మొదటి సూత్రం. యాభై ఏళ్లనాటి లెక్కలతో ఆ సూత్రాన్ని ఎల్లకాలం ఆపలేరు.

ఈ రెండు న్యాయాలను కలపాల్సింది సంస్థలే. రాజ్యసభ నిజంగా రాష్ట్రాల సభ అయి ఉంటే, అంతర్రాష్ట్ర మండలి నియమం ప్రకారం సమావేశమవుతూ ఉంటే, లోక్‌సభలో కొన్ని సీట్లు అటూ ఇటూ కావడం ఇంత ప్రాణసంకటంగా మారేది కాదు. మిగతా తలుపులు మూసుకుపోయినప్పుడు తెరిచి ఉన్న ఒక్క కిటికీ కోసం పోటీ తప్పదు. 16 మంది ఎంపీల బలం ఈ రోజు ఆంధ్రప్రదేశ్‌కు కలిసొచ్చింది. తర్వాతి ఎన్నికల్లో ఏదో ఒక పార్టీకి సొంత మెజారిటీ వస్తే ఆ బలం ఉండదు, ఉక్కు కర్మాగారం మాత్రం ఉంటుంది.