"అరుదైనది" అంటే సరిపోతుందా?

ఆన్‌లైన్ వేలాల్లో పాత మోడల్ రైళ్లు అమ్మేవాళ్లకు బాగా ఇష్టమైన మాట "అరుదైనది". చక్రం ఊడిన ఇంజనూ అరుదైనదే, కప్పు విరిగిన పెట్టే అరుదైనదే. అదే పేజీలో ఇంకాస్త కిందికి వెళితే సరిగ్గా అదే ఇంజను మరో పదిమంది దగ్గర కనిపిస్తుంది. వాళ్లూ అరుదైనదనే రాస్తారు. ఒకే రోజున పదిమంది అమ్మకానికి పెట్టిన వస్తువు అరుదైనది ఎలా అవుతుంది? ఈ ప్రశ్న అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అయినా అడిగేవాళ్లు తక్కువ.

ముందుగా ఒక విషయం స్పష్టం చెయ్యాలి. ఎక్కువ ధర అడగడం మోసం కాదు. వెయ్యి రూపాయల ఇంజనుకు లక్ష అడిగే హక్కు దాని యజమానికి ఉంది. కొనకుండా ఉండే హక్కు మనకూ ఉంది. అక్కడితో సరిపోతుంది. కానీ 1975 నాటి వస్తువును 1950ల నాటిదని రాస్తే అది ధర గురించిన మాట కాదు, వాస్తవం గురించిన మాట. నిజమో అబద్ధమో తేల్చవలసిన మాట. ఇబ్బంది ఏమిటంటే, ఈ రెండూ సాధారణంగా కలిసే ఉంటాయి. ధర పైకి లేవడానికి తప్పుడు వర్ణన నిచ్చెన వేస్తుంది. ఆ ధరను చూసిన వాళ్లేమో, ఇంత పలుకుతోందంటే వర్ణన నిజమే అయివుంటుందని నమ్ముతారు. ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి, బయటి సాక్షి ఎవడూ ఉండడు.

బొమ్మ రైళ్ల గురించి ఇంత చర్చ దేనికని కొందరు మిత్రులు అడుగుతారు. కాజీపేట, విజయవాడ, గుంతకల్లు, సికింద్రాబాద్ లాంటి చోట్ల తరతరాలుగా రైల్వే ఉద్యోగం చేసిన కుటుంబాలున్నాయి. రిటైరయ్యాక కాస్త తీరిక దొరికి, జీవితమంతా తిరిగిన రైలును ఒక బల్ల మీద నడుపుకోవాలని సరదా పడేవాళ్లు ఉన్నారు. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ గార్డుగారు అలాగే ఒక విదేశీ వేలం సైటులో యుద్ధానికి ముందు కాలపు బ్రిటిష్ ఇంజను కొన్నారు. "అరుదైనది, చక్కగా పనిచేస్తుంది" అని వర్ణన. పోస్టు ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపి ఆయన పింఛనులో సగం పైన అయింది. పార్సిల్ విప్పి చూస్తే ఇంజను అడుగు భాగం ఉబ్బి, పగుళ్లిచ్చి ఉంది. వేలితో నొక్కితే బిస్కెట్టులా విరిగింది. అమ్మినవాడికి రాస్తే, ఎనభై ఏళ్ల నాటి వస్తువు ఇంతకంటే ఎలా ఉంటుందని జవాబు. తిప్పి పంపితే డబ్బు ఇస్తారట, కానీ తిప్పి పంపే ఖర్చు ఇంకో ఇంజను ధర. "పోనీండి మాస్టారూ, నా ఖర్మ" అన్నారాయన. ఇందులో ఖర్మ ఏమీ లేదండీ, వర్ణన తప్పు అన్నాను.

ఆ విరగడానికి కారణం ఉంది. ఆ కాలపు ఇంజన్ల అడుగు భాగాలు జింకు ప్రధానంగా ఉన్న మిశ్రమ లోహంతో పోతపోసేవారు. అందులో సీసం కొద్దిపాటి మలినంగా కలిసినా, ఏళ్లు గడిచేకొద్దీ లోహపు రేణువుల మధ్య తుప్పు పాకుతుంది. వస్తువు ఉబ్బుతుంది, వంగుతుంది, చివరకు పొడి అవుతుంది. దీనికి మరమ్మతు లేదు. పాతవాటికే కాదు, 2000ల్లో చైనాలో తయారైన కొన్ని మోడళ్లకూ ఈ జబ్బు వచ్చింది. కాబట్టి "పైకి బాగానే ఉంది" అన్న మాటకు విలువ లేదు. అడుగు భాగం ఫొటో కావాలి. మన సంతల్లో ఎద్దును కొనేవాడు నోరు తెరిచి పళ్లు చూడకుండా బేరం మొదలుపెట్టడు. రంగు చూసి ముచ్చటపడితే పక్కవాళ్లు నవ్వుతారు. అదే మనిషి తెర మీద ఫొటో చూసి వేలు పోస్తాడు.

ఇక వర్ణనల్లో ఎక్కువగా కనిపించే తప్పులు చూద్దాం. వీటిలో చాలావాటిని ఇంట్లో కూర్చునే తేల్చవచ్చు.

మొదటిది కాలం. బ్రిటన్‌లో ఏ పాత బొమ్మ రైలు కనిపించినా హార్న్‌బీ అనేస్తారు. ఆ పేరుకు ఒక చరిత్ర ఉంది. ఫ్రాంక్ హార్న్‌బీ కంపెనీ అయిన మెకానో 1920లో ఓ గేజి రైళ్లు, 1938లో అంతకంటే చిన్నవైన డబ్లో రైళ్లు తెచ్చింది. 1964లో ట్రయాంగ్ రైళ్ల యజమాని లైన్స్ బ్రదర్స్ మెకానోను కొన్నది. 1965 నుంచి డబ్బాల మీద ట్రయాంగ్ హార్న్‌బీ అన్న జంట పేరు వచ్చింది. 1971లో లైన్స్ బ్రదర్స్ కుప్పకూలింది. 1972 నుంచి హార్న్‌బీ రైల్వేస్ అన్న పేరు మొదలైంది. 1990ల నడుమ నుంచి తయారీ చైనాకు మారింది. ఈ నాలుగైదు తేదీలు తెలిస్తే చాలు. "1950ల నాటి హార్న్‌బీ రైల్వేస్ సెట్టు" అన్నది అసంభవం. అడుగున "మేడిన్ చైనా" అని ఉన్నది "1960ల బ్రిటిష్ తయారీ" కాదు. అమ్మేవాడే పెట్టిన ఫొటోలో అమ్మేవాడి వర్ణనను తప్పు పట్టే సాక్ష్యం ఎన్నిసార్లు కనిపిస్తుందో లెక్క లేదు.

రెండవది కొలత. ఓఓ, హెచ్ఓ అన్న రెంటినీ ఒకటిగా రాసేవాళ్లు ఎందరో. రెండూ 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీదే నడుస్తాయి, గందరగోళానికి మూలం అదే. కానీ హెచ్ఓ అంటే అసలులో 87వ వంతు, ఓఓ అంటే 76వ వంతు. మన ఐసీఎఫ్ పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు. హెచ్ఓలో అది 24.5 సెంటీమీటర్లు ఉండాలి, ఓఓలో 28 సెంటీమీటర్లు. స్కేలు బద్ద పెట్టి ఫొటో తీయమంటే సగం తగాదాలు తీరిపోతాయి.

భారతీయ రైళ్ల మోడళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. 16.5 మిల్లీమీటర్ల పట్టా మీద నిలబెట్టిన భారతీయ బ్రాడ్ గేజి ఇంజను ఎంత అందంగా ఉన్నా పట్టా విషయంలో మాత్రం అచ్చు నమూనా కాదు. ఆ పట్టాలు సులభంగా దొరుకుతాయి కాబట్టి తయారీదారులు అలా చేస్తారు, అందులో తప్పు లేదు. విదేశీ ఇంజనుకు మన రైల్వే రంగులు వేసి, "అణువణువూ అసలుకు సమానం" అని ధర రెట్టింపు చెయ్యడమే తప్పు.

మూడవది, "పరీక్షించలేదు" అన్న మాట. రెండు పట్టాల మీద 12 వోల్టుల డీసీ కరెంటుతో నడిచే ఇంజనును పరీక్షించడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక 9 వోల్టుల బ్యాటరీ తెచ్చి, దాని రెండు కొసల నుంచి రెండు తీగలు ఇరువైపుల చక్రాలకు తగిలిస్తే మోటారు తిరుగుతుందో లేదో తెలుస్తుంది. పన్నెండు ఫొటోలు తీసి, ఐదు పేరాల వర్ణన రాసినవాడికి ఆ ఒక్క నిమిషం దొరకలేదంటే నమ్మాలా? చనిపోయినవాళ్ల ఇంటి సామాను ఖాళీ చేసి అమ్మేవాళ్లకు నిజంగా తెలియకపోవచ్చు. కానీ ఏళ్ల తరబడి రైళ్లే అమ్మే వ్యాపారి "పరీక్షించలేదు" అని రాస్తే, నేను దాన్ని "పనిచెయ్యదు" అనే చదువుకుంటాను. ధర కూడా ఆ లెక్కనే కడతాను.

నాలుగవది నకలు. అమెరికాలో లయనెల్ కంపెనీ 1957లో ఆడపిల్లల కోసమని గులాబీ రంగు ఇంజనుతో ఒక సెట్టు తెచ్చింది. అప్పుడు ఎవరూ పెద్దగా కొనలేదు. అందుకే ఇప్పుడు దానికి గిరాకీ. 1991లో కంపెనీయే దాన్ని మళ్లీ తయారు చేసింది. మామూలు ఇంజన్లకు గులాబీ రంగు వేసినవీ తిరుగుతుంటాయి. డబ్బాల సంగతీ ఇంతే. పాత డబ్బాలకు కొత్త నకళ్లు అచ్చువేసి, నకలని చెప్పే అమ్మేవాళ్లున్నారు. అది నిజాయితీ వ్యాపారమే. కానీ రెండు చేతులు మారేసరికి "నకలు" అన్న మాట రాలిపోతుంది, "అసలు డబ్బాతో సహా" అన్న మాట వచ్చి చేరుతుంది.

మంచి వ్యాపారులే నిలబడతారు, మోసగాళ్లు వాళ్లంతట వాళ్లే పోతారు అన్న వాదన ఒకటుంది. వినడానికి బాగుంటుంది. జార్జ్ అకెర్లాఫ్ అన్న ఆర్థికవేత్త 1970లోనే దీనికి జవాబు రాశాడు. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. వాడిన కార్ల ఉదాహరణతో ఆయన చెప్పిందేమిటంటే, వస్తువు లోపం అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియకపోతే, కొనేవాడు అన్నిటికీ ఒకే సగటు ధర ఇవ్వజూపుతాడు. ఆ ధర మంచి వస్తువు యజమానికి గిట్టదు, వెళ్లిపోతాడు. చెడ్డ వస్తువులు మిగులుతాయి. మోడల్ రైళ్ల వేలంలో అచ్చంగా ఇదే జరుగుతుంది. "ఒక చక్రం పగిలింది, మోటారు నెమ్మది" అని నిజం రాసినవాడికి తక్కువ వస్తుంది. "పరీక్షించలేదు" అని రాసినవాడికి ఎక్కువ వస్తుంది. మనం నిజాయితీకి జరిమానా వేస్తున్నాం.

పైగా వేలం స్వభావమే అలాంటిది. పదిమంది ఒక వస్తువుకు విలువ కట్టినప్పుడు, అందరికంటే ఎక్కువగా పొరబడ్డవాడే తరచు హెచ్చుపాటదారు అవుతాడు. చమురు బావుల వేలాల్లో ఈ సంగతిని 1971లోనే ఇంజనీర్లు గమనించి రాశారు. దీనికి దొంగ పాట తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. బ్రిటన్‌లో ఒక వ్యాపారి ఈబేలో తన వస్తువులకు తానే మరో పేరుతో పాట పెంచి పట్టుబడ్డాడు. 2010లో కోర్టు అతనికి 250 గంటల సమాజసేవ విధించి, 5,000 పౌండ్లు కట్టించింది. అతను రైళ్లు అమ్మలేదు, కానీ పద్ధతి ఏ వస్తువుకైనా ఒకటే.

అమ్మకందారుకు నూటికి నూరు మార్కులున్నాయి కదా అంటారు. ఆ మార్కులు దేనికిచ్చారో చదవండి. త్వరగా పంపాడు, బాగా చుట్టాడు, మర్యాదగా మాట్లాడాడు. ఇంజను నిజంగా 1938 నాటిదేనా అన్నది కొన్నవాడికే తెలియనప్పుడు అతనిచ్చిన మార్కు దేనికి రుజువు?

ఎక్కువ ధరలు అమ్మేవాళ్లకూ మేలు చెయ్యవు. ఇది చాలామంది గమనించని విషయం. సికింద్రాబాద్‌లో నాకు తెలిసిన ఒక కుటుంబంలో పెద్దాయన పోయాక ఆయన సేకరించిన రైళ్లను అమ్ముదామనుకున్నారు. పిల్లలు సైటులో చూసి, ఒక్కో ఇంజను నలభై వేలు అని లెక్కేసుకున్నారు. వాళ్లు చూసింది అడిగిన ధరలు, అమ్ముడైన ధరలు కావు. ఆ నలభై వేల ఇంజన్లు ఏళ్లుగా అక్కడే పడివున్నాయి. న్యాయమైన ధర ఇస్తామని వచ్చిన ఇద్దరిని మోసగాళ్లన్నారు. ఆ తల్లిగారికి డబ్బు అవసరం, రైళ్లేమో ఇప్పటికీ అటక మీద. మొదట విన్న అంకె మనసులో మేకులా దిగిపోతుందని, తర్వాతి అంచనాలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయని ట్వెర్‌స్కీ, కానెమన్ 1974లో ప్రయోగాలతో చూపించారు. అడిగిన ధర సమాచారం కాదు, కోరిక. అమ్ముడైన వస్తువుల ధరలు విడిగా చూసే వీలు ఈబేలోనే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు.

మన దేశంలోంచి కొనేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఈబే 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని ఇక్కడ అడుగుపెట్టింది. 2017లో ఆ వ్యాపారం ఫ్లిప్‌కార్ట్‌కు వెళ్లింది, 2018లో మూతపడింది. కాబట్టి ఇలాంటి పాత వస్తువులు ఎక్కువగా సముద్రాల అవతలి నుంచే తెప్పించుకోవాలి. వర్ణనకు, వస్తువుకు పొంతన ఉండాలని మన 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. కానీ లివర్‌పూల్‌లో ఇంటినుంచి అమ్ముకునే మనిషి మీద వరంగల్ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి సాధించేదేముంది? మనకున్న అసలు రక్షణ డబ్బు కట్టకముందు అడిగే ప్రశ్నే.

అవి కూడా పెద్ద ప్రశ్నలు కావు. అరుదైనదని మీకెలా తెలుసు? ఏ సంవత్సరమో దేన్ని బట్టి చెబుతున్నారు? అడుగు భాగం ఫొటో పెడతారా? నడుస్తున్న వీడియో పంపుతారా? డబ్బా అసలుదేనా? జవాబు రాకపోతే అదే జవాబు. "నాకు తెలియదు" అని నిజాయితీగా చెప్పినవాడిని మాత్రం గౌరవించండి, వస్తువు నచ్చితే అతని దగ్గరే కొనండి. తెలియదని చెప్పడం సిగ్గుపడే పని కాదు. తెలియనిది తెలిసినట్లు రాసి డబ్బు తీసుకోవడమే సిగ్గుపడే పని.

"అరుదైనది" అన్నవాడే రుజువు చూపాలి. కాదని నిరూపించే బాధ్యత కొనేవాడిది కాదు. అమ్మేవాడు రుజువు చూపేదాకా పర్సు జేబులోనే ఉండనివ్వండి.