ఎనభై ఆరో అంతస్తు మీద

న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనం ఎక్కి వచ్చాము. 102 అంతస్తులు, 1,250 అడుగులు! 1930 మార్చిలో నిలబెట్టడం మొదలుపెట్టి 1931 మే 1న తెరిచారట. మన పల్లెల్లో పెంకుటిల్లు లేపడానికే అంతకాలం పడుతుంది.

86వ అంతస్తులో ఆరుబయలు వసారా, చుట్టూ కంచె. గాలికి చెంగు నిలవదు. కింద పసుపు టాక్సీలు కందిబద్దల్లా కనబడ్డాయి.

1945 జూలై 28న పొగమంచులో దారి తప్పిన సైనిక విమానం 79వ అంతస్తు దగ్గర ఢీకొని 14 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది యుద్ధబాధితులకు సాయమందించే కాథలిక్ సంస్థ ఉద్యోగులే. గాయపడిన లిఫ్టు నడిపే యువతి బెట్టీ లూ ఆలివర్‌ను మరో లిఫ్టులో దించుతుంటే తీగలు తెగి 75 అంతస్తులు పడిపోయింది. అయినా బ్రతికింది. తెగిన తీగలు అడుగున చుట్టలుగా పడి దెబ్బను కొంత ఆపాయట.

ఈ సంగతి అక్కడే చెప్పడం మా పొరపాటు. వదినగారికి అసలే లిఫ్టంటే భయం. "మెట్లు లేవా?" అన్నారు. 1,576 ఉన్నాయన్నాము. ఆమె కాసేపు కిందికి చూసి, మా చెయ్యి పట్టుకుని లిఫ్టు వరుసలో నిలబడ్డారు.