నిమో పక్కింట్లో ఎవరుండాలి?

మా అక్కావాళ్లది మెదక్ దగ్గర కుల్చారం. మల్లినాథసూరి ఊరని పెద్దలు గొప్పగా చెప్పుకునే ఊరు. మంజీర పక్కనే ఉంది కానీ సముద్రం చూడాలంటే మాత్రం రోడ్డు మీద నాలుగొందల కిలోమీటర్లు పోవాలి. అలాంటి ఊళ్లో, హాల్లో టీవీ పక్కన, ఉప్పునీళ్ల అక్వేరియం వెలిసింది. మేనకోడలి పుట్టినరోజు కానుక. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నిమో’ సినిమాను ఆ పిల్ల ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు మరి!

నేను వెళ్లేసరికి ఇల్లంతా దిగులుగా ఉంది. హైదరాబాద్‌లో ఓ దుకాణంవాళ్లు ‘అన్నీ కలిసే ఉంటాయి సార్’ అంటూ ఆరు చేపలు అంటగట్టారట. రెండు నిమోలు (క్లౌన్ చేపలన్నమాట), ఒక డోరీ, రెండు నీలం డామ్సెల్‌లు, నల్లటి ఒంటి మీద మూడు తెల్లచుక్కలున్న డామినో ఒకటి. నెల తిరక్కుండానే నాలుగు పోయాయి. మిగిలిన నిమో తోక చిరిగిపోయి, హీటర్ వెనకాల నక్కి ఉంది. డామినో మాత్రం తొట్టె మధ్యలో దర్జాగా తిరుగుతోంది.

“మామా, గా నల్లది నిమోను బతకనిస్తలేదు. బువ్వ గూడ తిననిస్తలేదు” అంది పిల్ల ఏడుపు గొంతుతో.

“పాతికవేలు పోసినం బామ్మర్దీ” అన్నాడు బావ. ఆయన బాధ ఆయనది.

నిజానికి ఈ లెక్క బావకు తెలియనిది కాదు. చెరువులో చేపపిల్లల్ని వదిలేటప్పుడు బొచ్చె, రవ్వ, మృగాల కలిపి ఎందుకు వదులుతారు? బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, రవ్వ మధ్యలో, మృగాల అడుగున. ఒకదాని కంచంలో మరొకటి చెయ్యి పెట్టదు. అదే చెరువులో కొర్రమీను పడితే? “పిల్లలన్నీ దాని కడుపులకే పోతయి” అన్నాడు బావ ఠక్కున. అక్వేరియం సూత్రం కూడా అంతే. కాకపోతే చెరువులో పారిపోవడానికి చోటుంటుంది, మూడడుగుల గాజుపెట్టెలో ఉండదు.

మొదట చూడాల్సింది నోరు. చేప రంగు చూసి మురిసిపోయే ముందు దాని నోరెంతో చూడండి. ఆ నోట్లో పట్టేదంతా దానికి తిండే. లయన్‌ఫిష్ విసనకర్రలాంటి రెక్కలతో ఎంత అందంగా ఉంటుందో! రాత్రికి రాత్రి చిన్న చేపను మింగేసి, తెల్లారి ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. పైగా దాని ముళ్లలో విషం. పిల్లలున్న ఇంటికి అది అసలే వద్దు.

రెండోది పెరిగే సైజు. దుకాణంలో అగ్గిపెట్టెంత ఉన్న డోరీ పెద్దదైతే అడుగు పొడవు దాకా సాగుతుంది. రోజంతా ఈదుతూనే ఉండే చేప అది. ఆరడుగుల తొట్టె లేనిదే దాని జోలికి పోకూడదు. ఇరుకులో పెడితే బెంగపడుతుంది, బెంగపడ్డ చేపకు తెల్లమచ్చల జబ్బు ఇట్టే అంటుకుంటుంది. అక్కావాళ్ల డోరీ పోయింది ఆ జబ్బుతోనే. సినిమా తీసినవాళ్లు ఈ సంగతి చెప్పలేదు, పాపం.

ఇక జాగా తగాదా. డామ్సెల్‌లు చవక, మొండి ప్రాణాలు. అందుకే కొత్తవాళ్లకు ముందుగా వాటినే అమ్ముతారు. ముందు దిగినవి ‘ఇల్లు మాది’ అనుకుంటాయి, తర్వాత వచ్చినవాటిని బతకనివ్వవు. డామినో మరీ ఘోరం. చిత్రమేమిటంటే, సముద్రంలో చిన్నప్పుడు ఇది కూడా నిమోలాగే సీ ఎనిమోన్ మీసాల మధ్యే పెరుగుతుంది. ఒకే రంగు, ఒకే ఆకారం, ఒకే తిండి ఉన్న చేపల మధ్యే పోట్లాట ఎక్కువ. కాబట్టి నెమ్మదస్తుల్ని ముందు వదలాలి, పెంకివాటిని చివర్న. అసలు వదలకపోతే ఇంకా మంచిది.

మరి ఎవరిని తెచ్చుకోవాలి? సుమారు 190 లీటర్లు పట్టే తొట్టెకు నా ఓటు ఒక జంట క్లౌన్‌లకు, ఒక గోబీకి. గోబీ అడుగునే ఉంటుంది. కొన్ని రకాల గోబీలకు పిస్టల్ రొయ్యతో విడదీయలేని స్నేహం. చూపు సరిగా ఆనని రొయ్య ఇసుకలో బొరియ తవ్వుతుంది, గోబీ గుమ్మంలో కాపలా కాస్తుంది. రొయ్య మీసం ఎప్పుడూ చేపను తాకుతూనే ఉంటుంది. ప్రమాదం వస్తే చేప తోక ఆడిస్తుంది, ఇద్దరూ లోపలికి పరార్! టీవీ సీరియల్ కన్నా ఇదే బాగుంటుంది. ఊదా, పసుపు రంగుల రాయల్ గ్రామా ఒకటి రాళ్ల సందులో ఉన్నా గొడవలేదు. ఫైర్‌ఫిష్ సాధువే కానీ బెదిరితే ఎగిరి బయటపడుతుంది, తొట్టెకు మూత తప్పనిసరి.

నిమోకు ఎనిమోన్ ఉండాల్సిందేనా అంటే, అక్కర్లేదు. తరిమేవాళ్లు లేని ఇంట్లో దానికి ఆ కోట అవసరం లేదు. సముద్ర గుర్రాలు, పగడాలు అడిగే పిల్లలకు మాత్రం గట్టిగా చెప్పండి. మన దేశంలో అవి 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి.

నీళ్ల సంగతి క్లుప్తంగా. వంటింటి అయొడైజ్డ్ ఉప్పు పనికిరాదు, అక్వేరియం ఉప్పే కావాలి, లీటరుకు 35 గ్రాముల లెక్కన. బోరునీళ్ల కన్నా ఆర్వో నీళ్లు మేలు. నీళ్లు ఆవిరైతే మంచినీళ్లే పోయాలి, ఉప్పు ఎక్కడికీ పోదు. తొట్టె సిద్ధమయ్యాక నాలుగు నుంచి ఆరు వారాలు చేపలు లేకుండా ఫిల్టర్ నడవాలి. వ్యర్థాల్ని విరిచే బ్యాక్టీరియా పెరగడానికి అంత వ్యవధి కావాలి. మెదక్ ఎండలకు నీళ్లు 30 డిగ్రీలు దాటితే ప్రమాదం. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు చేతికందేలా ఉండాలి.

అక్కావాళ్లింట్లో ముందుగా డామినోను పట్టి, పెద్ద తొట్టె ఉన్న బావ స్నేహితుడికి ఇచ్చేశాం. నాలుగు రాళ్లు పీకి దాన్ని పట్టేసరికి తలప్రాణం తోకకొచ్చింది. నిమో తోక మానాక, దానికన్నా చిన్న క్లౌన్ చేపను వెతికి తెచ్చాం. నెల రోజులు వేరే తొట్టెలో ఉంచి జబ్బులేవీ లేవని చూశాం. తర్వాత రాళ్ల అమరిక మార్చి, లైట్లు ఆర్పి వదిలాం. ఈ చేపలన్నీ పుట్టుకతో మగవే, పెద్దది ఆడదిగా మారుతుంది. అందుకే కొత్తగా వచ్చేది చిన్నదై ఉండాలి.

మర్నాడు పొద్దున్నే ఫోన్. “మామా, కొత్తది పాతదాని ముందట వణుకుతంది. భయపడ్డదా?”

“కాదురా, ‘పెద్దరికం నీదే’ అని ఒప్పుకుంటోంది. ఇక జత కుదిరినట్టే” అన్నాను.

కాసేపు ఆగి అడిగింది, “గట్లయితే డోరీ ఎప్పుడొస్తది?”

ఆరడుగుల తొట్టె ఖరీదు కనుక్కున్నాను. బావకు ఇంకా చెప్పలేదు.