సరుకుల చీటీలో దాగిన ఆజ్ఞ

ఇంట్లో తయారుచేసే మిఠాయిలకూ, కుట్టి ఇచ్చే బురఖాలకూ, అత్తరు సీసాలకూ ఇప్పుడు ఫోన్‌లోనే ఆర్డర్లు వస్తున్నాయి. అందుకోసం చిన్న వెబ్‌సైట్ పెట్టుకుంటున్న కుటుంబాలు మన మధ్య ఎన్నో ఉన్నాయి. దానిని తయారుచేసి ఇచ్చేది తరచుగా బంధువులలో ఇంజినీరింగు చదివే అబ్బాయే. అపరిచితులకు ఫోన్ నెంబరు సైతం చెప్పని స్త్రీలు అక్కడ పేరు, నెంబరు, ఇంటి చిరునామా అన్నీ నింపుతారు. అది అమానత్. దానికి వేసిన తాళం ఎంత సులువుగా ఊడిపోగలదో ఈ నెల చెప్పదలచాము.

పాతకాలపు కిరాణా కొట్టు ఒకటి ఊహించుకుందాం. కొనుగోలుదారు చీటీ ఇస్తాడు. పనికుర్రవాడు దానిని గిడ్డంగికి తీసుకుపోయి, ఉన్నది ఉన్నట్లు చదువుతాడు. కుర్రవాడి మాటే యజమాని మాట అనుకుని గుమాస్తా సరుకు ఇస్తాడు. ఒకనాడు చీటీలో 'బియ్యం 5 కిలోలు' అన్నదాని కింద 'ఖాతా పుస్తకం కూడా ఇచ్చి పంపండి' అని ఉంటుంది. కుర్రవాడు అదీ చదువుతాడు; గుమాస్తా అదీ ఇస్తాడు.

వెబ్‌సైట్ వెనుక ఉండే డేటాబేసే ఆ గిడ్డంగి. దానితో మాట్లాడే భాష పేరు ఎస్‌క్యూఎల్. మన ఆర్డరు ఎంతవరకు వచ్చిందో చూడటానికి నెంబరు టైపు చేస్తే, 'ఈ నెంబరు గల ఆర్డరు చూపించు' అని పేజీ ఒక వాక్యం కూర్చి పంపుతుంది. ఎవడో నెంబరు తరువాత 'లేదా 1=1' అన్న అర్థం వచ్చేలా ఆ భాషలోనే రెండు ముక్కలు చేరుస్తాడు. ఒకటి ఒకటికి ఎప్పుడూ సమానమే కనుక అందరి ఆర్డర్లూ తెర మీదికి వస్తాయి. దీనినే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు.

ఇది కొత్త జబ్బు కాదు. హ్యాకర్ల పత్రిక 'ఫ్రాక్' 1998 డిసెంబరులోనే దీనిని వివరించింది. అమెరికాలో దుస్తులు అమ్మే గెస్ సంస్థ తన వెబ్‌సైట్లో, కొనుగోలుదారుల వివరాలు ఎవరూ చదవలేని సంకేత రూపంలో భద్రంగా ఉన్నాయని చెప్పుకొన్నది. 2002 ఫిబ్రవరిలో ఒక సందర్శకుడు ఈ పద్ధతిలోనే క్రెడిట్ కార్డు నెంబర్లను స్పష్టమైన అక్షరాలలో చదవగలిగాడు. ఇచ్చిన మాట నిజం కాదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపగా, మరుసటి ఏడు రాజీ కుదిరింది. 2015లో బ్రిటన్‌లోని టాక్‌టాక్ అనే టెలిఫోన్ సంస్థ నుండి 1,56,959 మంది వివరాలు పోయాయి. దారి ఇచ్చినవి, మరో కంపెనీని కొన్నప్పుడు దానితోపాటు వచ్చిన పాత పేజీలు. జరిమానా 4 లక్షల పౌండ్లు.

మాకు బాధ కలిగించేది, మందు ఇంత చవకగా ఉండి కూడా వాడకపోవడం. ఆజ్ఞను ముందే ఖాళీలతో సిద్ధం చేసి ఉంచాలి; కొనుగోలుదారు ఏమి రాసినా అది ఖాళీలో పడే సమాచారమే కావాలి, ఆజ్ఞ కారాదు. ప్రోగ్రామర్లు దీనిని ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అంటారు. ఖర్చు లేదు, కొంచెం శ్రద్ధ చాలు. ఆర్డర్లు తీసుకునే పేజీకి డేటాబేసు మొత్తాన్ని తుడిచివేసే అధికారం కూడా ఎందుకు? అయినా ఇచ్చేస్తుంటారు. 'చిరునామా పక్కన తాళం గుర్తు ఉన్నది కదా' అని కొందరు ధీమాగా ఉంటారు. ఆ తాళం కాపాడేది దారిని, గిడ్డంగిని కాదు.

2022 అక్టోబరు నుండి రిజర్వు బ్యాంకు నిబంధనల మేరకు మన దేశంలో దుకాణాలు కార్డు నెంబర్లు దాచుకోరాదు. మంచిదే. కానీ పోయిన కార్డును మార్చుకోవచ్చు, ఇంటి చిరునామాను మార్చుకోవడం అంత తేలికా? వ్యక్తిగత వివరాలకు తగిన రక్షణ కల్పించని సంస్థలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే చట్టాన్ని పార్లమెంటు 2023లో చేసింది.

వెబ్‌సైట్ ఉన్న సోదరీమణులు దానిని తయారుచేసిన అబ్బాయిని పిలిచి రెండు ప్రశ్నలు అడగండి: ప్రతి పేజీలోనూ ప్రిపేర్డ్ స్టేట్‌మెంటే వాడావా? వాడకం లేని పాత పేజీలు తీసేశావా? పరీక్షలు చేయిస్తే మీ సొంత వెబ్‌సైట్ మీదనే చేయించండి. అనుమతి లేకుండా ఇతరుల దాని మీద చేస్తే అది నేరం. సరుకు చేరి, లెక్క తీరిన పాత ఆర్డర్ల చిరునామాలను ఇక ఉంచుకోవలసిన పని లేకపోతే తుడిచివేయమనండి. లేనిదానిని ఎవరూ దొంగిలించలేరు.